గని తవ్వకముందే మేత భూమిలో గడ్డి కొలతలు: ప్లాట్లు ఎంచేటప్పుడు జాగ్రత్తలు

గని పని అయ్యాక తిరిగి పెంచిన గడ్డిని పోల్చి చూడాలంటే తవ్వకముందు కొలతలు కావాలి. పైమట్టి ఒక్కసారి తీసేశాక అక్కడ ఏ గడ్డి ఎంత ఉండేదో మళ్లీ కొలవడం ఎవరి వల్లా కాదు. అందుకే ప్లాట్లు, అంటే గడ్డి కొలిచే చిన్న చిన్న చోట్లు, ఎక్కడ పడాలో ఫ్రేమ్ (కొలిచే చోటు హద్దు చూపే చట్రం) పట్టుకుని నేల మీదికి దిగకముందే, కాగితం మీదే తేల్చేయండి. అక్కడికెళ్లి నిలబడి "ఇక్కడ గడ్డి బాగుంది, ఇక్కడే వేద్దాం" అన్నారంటే ఆ లెక్క అక్కడే చెడిపోయినట్టు. కళ్లు మూసుకుని ఫ్రేమ్‌ని భుజం మీదుగా వెనక్కి విసిరినా అది ర్యాండమ్ కాదు, ఎందుకంటే ఎక్కడ నిలబడి విసరాలో ఎంచుకున్నది మీరే కదా.

ముందు భూమంతా ఒకసారి తిరిగి మ్యాప్ గీయండి. గుట్ట వాలు, వాగు పక్క పల్లం, పొదల నేల, ఇలా ఒక్కో రకం మొక్కలున్న భాగాన్ని విడిగా గుర్తించి, ఒక్కో భాగానికి విడివిడిగా కంప్యూటర్‌తో ర్యాండమ్ పాయింట్లు తీయండి. అన్నీ కలిపి తీస్తే చిన్న భాగానికి ఒక్క ప్లాటూ రాకపోవచ్చు. కావలసిన వాటికన్నా ఎక్కువ పాయింట్లు తీసి, వచ్చిన వరుసలోనే వాడండి.

ఏ పాయింట్‌ని వదిలేయవచ్చో కూడా ముందే రాసి పెట్టుకోవాలి. దారి మీద పడితే, చెరువులో పడితే, రెండు రకాల మొక్కలు కలిసే అంచులో పడితే వదిలేసి వరుసలో తర్వాతి దానికి వెళ్లండి. ముళ్లపొద అడ్డొచ్చిందనో, ఎండలో అంత దూరం నడవలేమనో మాత్రం వదలకండి. అసలు చేటు ఇక్కడే జరుగుతుంది, దారికి దగ్గరగా పశువులు బాగా మేసిన నేలే లెక్కలోకి ఎక్కువగా వచ్చేస్తుంది.

జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చూపించిన చోట ఆగిపోండి, మంచి జాగా కోసం రెండడుగులు జరగొద్దు. మ్యాప్‌లోనూ పరికరంలోనూ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) ఒకటేనా అన్నది బయల్దేరే ముందే చూసుకోండి. పాయింట్ నుంచి కొలత టేపు ఏ దిక్కుకి పరచాలో అదీ ర్యాండమ్‌గా తీసిన డిగ్రీ ప్రకారమే, టేపుకి ఒక పక్కనే నడవండి, కొలవాల్సిన గడ్డిని తొక్కేయకుండా.

ఎన్ని ప్లాట్లు సరిపోతాయని చాలామంది టెన్షన్ పడతారు. ముందు కొన్ని కొలిచి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎంత వస్తోందో చూసి లెక్కగట్టండి. సగటు అంచనాలో అటూ ఇటూ ఉండే తేడాని సగానికి తగ్గించాలంటే ప్లాట్లు నాలుగు రెట్లు కావాలి, కాబట్టి సమయం ముందే ఉంచుకోండి. గడ్డి కోసి తూకం వేసే పని ఉంటే, పశువులు దిగకముందే ర్యాండమ్ చోట్ల గడ్డిని అవి మేయకుండా బోనులు పెట్టేయండి.

అమెరికాలో 1977 నాటి ఉపరితల బొగ్గు గనుల చట్టం కింది నిబంధనల్లో, తిరిగి పెంచిన పచ్చదనం ప్రమాణంలో 90 శాతానికి చేరిందని 90 శాతం గణాంక నమ్మకంతో చూపాలని ఉంది. ఏడాదికి 26 అంగుళాలో, అంతకన్నా తక్కువో వాన పడే చోట ఆ బాధ్యత కనీసం 10 ఏళ్లు. అన్నేళ్ల తర్వాత పోల్చి చూసేవాళ్లకి మీరు అందుబాటులో ఉండకపోవచ్చు. అందుకని ర్యాండమ్ అంకెలు ఎలా తీశారో, ఏ పాయింట్‌ని ఏ కారణంతో వదిలారో రిపోర్టులోనే రాసి, ప్రతి ప్లాటు ఫొటో మీద దాని నంబరు, తేదీ పడేలా చూసుకోండి.