స్టేజ్ ఎక్కితే గొంతు వణికే నాకు పనిచేసినవి

విషయం తెలియక కాదండీ, నలుగురి ముందు నిలబడగానే నోరు ఎండిపోయేది, గుండె దడదడలాడేది, ఎవరి గొంతుతోనో మాట్లాడుతున్నట్టు ఉండేది. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే సైకాలజిస్టులు చేసిన ఒక రీసెర్చ్ గురించి చదివాక సగం భారం దిగింది, మన లోపలి టెన్షన్ మనం అనుకున్నంతగా ఎదుటివాళ్లకి కనపడదట, ఆ సంగతి ముందే తెలుసుకుని మాట్లాడినవాళ్లు స్పీచ్ కూడా బాగా ఇచ్చారట.

అసలు తేడా మాత్రం బట్టీ మానేశాకే వచ్చింది. బట్టీలో ఒక్క మాట జారితే వెనకాలవన్నీ జారిపోతాయి, జారకపోయినా పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. ఇప్పుడు మొదటి రెండు వాక్యాలూ చివరిదీ మాత్రం నోటికి పెట్టుకుంటా, మధ్యలోవి చిన్న కాగితం మీద పాయింట్లుగా రాసుకుని గదిలో గట్టిగా మాట్లాడి చూసుకుంటా, ప్రతిసారీ మాటలు మారిపోతాయి, మారనివ్వండి, మనకి కావాల్సింది అదే.

ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, మొదట్లో మహా చిరాగ్గా ఉంటుంది (మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది, రికార్డింగ్‌లో అది ఉండదు, అందుకే వేరేలా వినిపిస్తుంది). నా రికార్డింగుల్లో ఊపిరి తీసుకునే గ్యాపే లేదు! ఇప్పుడు ఎక్కేముందు ఊపిరి నెమ్మదిగా వదులుతా, "అంటే... అంటే..." అనబోయిన చోట ఆగిపోతా. ఎవరైనా తెలియనిది అడిగితే "తెలీదండీ, కనుక్కుని చెప్తా" అనేస్తా, ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.