మట్టికట్టలో లోపం కనిపిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

వరదను నిలువరించడానికి కట్టిన చిన్న మట్టికట్ట ఏడాదిలో ఎక్కువ రోజులు నీరు లేక పొడిగానే ఉంటుంది. నిత్యం నీరు నిలిచే కట్టలో లోపం ఉంటే అది ఏదో ఒకనాడు చెమ్మగానైనా బయటపడుతుంది. ఎండిన కట్టలో మాత్రం పగులు, బొరియ, కుళ్లిన వేరు అన్నీ మరుగున ఉండిపోయి, వరద వచ్చిన రాత్రే ఒక్కసారిగా పరీక్షకు వస్తాయి. అందుచేత ఈ కట్టలను వానలకు ముందు ఒకసారి, నీరు నిలిచి ఉన్నంతసేపు మళ్లీ మళ్లీ నడిచి చూడాలి.

దిగువ వాలుపై లేదా కట్ట పాదం వద్ద ఊట

మట్టికట్ట గుండా కొంత నీరు ఊరడం సహజమే కనుక, ఊట కనబడినంత మాత్రాన కట్ట చెడిపోయినట్లు కాదు. చూడవలసినవి నీటి రంగు, పరిమాణంలో వచ్చే మార్పు. ఊట నీటిని గాజు సీసాలో పట్టి కొంతసేపు కదపకుండా ఉంచితే అడుగున మన్ను పేరుకుంటున్నదో లేదో తెలుస్తుంది. ఊటను చిన్న కాలువలోకి మళ్లించి, బకెట్టు నిండడానికి పట్టే సమయాన్ని, ఆనాటి జలాశయ మట్టాన్ని కలిపి తేదీవారీగా రాసుకోవాలి. మట్టం పెరగకుండానే ఊట పెరుగుతున్నా, తేటగా ఉన్న నీరు బురదగా మారినా, కట్ట లోపలి మన్ను కొట్టుకుపోతున్నదని అర్థం. ఈ కోత దిగువన మొదలై, సొరంగంలా ఎగువకు పాకి, జలాశయాన్ని చేరిన తరువాత చూస్తుండగానే గండిగా మారుతుంది. అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో టీటన్ ఆనకట్టను మొదటిసారి నింపుతుండగా, 1976 జూన్ 5 ఉదయం బురద ఊట కనిపించిన కొన్ని గంటలకే, మధ్యాహ్నం కాకముందే అది తెగిపోయింది. దాని ఎత్తు 90 మీటర్లకు పైమాటే. చిన్న కట్టకు ఆ కొన్ని గంటల వ్యవధి కూడా దొరకకపోవచ్చు.

ఇలాంటప్పుడు ఊట వచ్చే చోటును బంకమట్టితోనో సిమెంటుతోనో మూసివేయాలని తోస్తుంది. అది చాలా ప్రమాదకరమైన పని. దారి మూసుకున్న నీరు లోపల ఒత్తిడి పెంచి, మరోచోట మరింత బలంగా బయటికి వస్తుంది. నీటిని పోనివ్వాలి, మన్నును మాత్రం పోనివ్వకూడదు. అందుకోసం ఊటపై మొదట శుభ్రమైన ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన బరువుకు రాళ్లు పరవాలి. ఆ ఇసుక కట్ట మన్నును పట్టి ఉంచేంత సన్నగా, నీటిని వదిలేంత ముతకగా ఉండాలి. కట్ట పాదానికి అవతల నేలలోంచి నీరు ఇసుకను చిమ్ముతూ ఉబికి వస్తుంటే, చుట్టూ ఇసుక బస్తాలను వలయంగా పేర్చి, బయటికి వచ్చే నీరు తేటపడేంత వరకే లోపలి మట్టాన్ని పెంచాలి. ఇదంతా తాత్కాలికమే. జలాశయాన్ని దించి, అనుభవం ఉన్న ఇంజనీరుతో పరీక్ష చేయించి, దిగువన మన్నును ఆపి నీటిని వదిలే శాశ్వతమైన ఫిల్టరు, ఆ నీరు పోయే కాలువ కట్టించాలి.

తూము గొట్టం వెంబడి నీరు

గొట్టంలోంచి కాకుండా దాని పక్కనుంచి నీరు వస్తున్నా, గొట్టం సాగే వరుసలో కట్టపై గుంట పడినా, ఆ చుట్టూ మన్ను కుదరలేదనో, గొట్టం అతుకులు విడిపోయాయనో భావించాలి. గొట్టం అడుగు వంపులోకి రోలరు చేరదు కనుక అక్కడ మన్ను వదులుగా మిగిలిపోతుంది. గొట్టం చుట్టూ కాంక్రీటు కాలర్లు (ఊటకు అడ్డుగా గొట్టాన్ని చుట్టి ఉండే పలకలు) కట్టడం పాత పద్ధతి, కానీ వాటి పక్కన మన్నును కుదించడం ఇంకా కష్టం. దిగువ భాగంలో గొట్టాన్ని చుట్టి ఇసుక ఫిల్టరు వేయడమే మేలైన మార్గం.

పగుళ్లు, జారుడు

కట్టకు అడ్డంగా, ఎగువ నుంచి దిగువకు సాగే పగులును వెంటనే పట్టించుకోవాలి, ఎందుకంటే వరద మట్టం అక్కడికి చేరితే అదే నీటికి దారి. పునాది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగడం వల్లనో, బంకమట్టి ఎండిపోవడం వల్లనో ఇది ఏర్పడుతుంది. పైపైన మన్ను పోసి కప్పితే లోపం కనబడకుండా పోతుందే తప్ప తొలగిపోదు. పగులు అట్టడుగు కంటే ఇంకా లోతుగా తవ్వి, తగినంత తడిపిన మన్నును సుమారు 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిసతో కుదించాలి. కట్ట పొడవునా విల్లులా వంగిన పగులు కనబడి, ఒక పక్క కిందికి దిగి ఉంటే అది జారుడుకు ఆరంభం. దాని కొసల వద్ద మేకులు పాతి ఎదుగుదలను గమనిస్తూ, వాన నీరు లోపలికి దిగకుండా పట్టా కప్పి, ఇంజనీరును పిలవాలి. జలాశయాన్ని మరీ వేగంగా దించినా, నానిన ఎగువ వాలు నీటి ఆసరా కోల్పోయి జారుతుంది. అత్యవసరం కానప్పుడు రోజుకు సుమారు 30 సెంటీమీటర్లకు మించి దించకపోవడం మంచిది.

చెట్లు, బొరియలు

మొక్కలను చిన్నవిగా ఉండగానే తీసివేయాలి. పెద్ద చెట్టును నరికి మొద్దును వదిలేస్తే వేరు కుళ్లి గొట్టంలా బోలుగా మిగులుతుంది కనుక, వేళ్లతో సహా తవ్వి గుంటను పొరలుగా పూడ్చాలి. బొరియలకూ ఇదే పద్ధతి.

కట్ట మీదుగా నీరు పొంగే ప్రమాదం

కారణం చాలావరకు అలుగు (మిగులు నీరు బయటికి పోయే దారి) దగ్గరే ఉంటుంది: కంప, పూడిక అడ్డుపడటం, లేదా నీరు నిలుపుకోవడానికి ఎవరో అలుగుపై బస్తాలు పేర్చడం. వరద కోసం ఖాళీగా ఉంచిన చోటును అలా నింపేస్తే ఈ కట్ట కట్టిన ప్రయోజనమే పోతుంది. కట్ట పైభాగంలో కుంగిన చోటు ఉంటే పొంగే నీరంతా అక్కడికే చేరి కోసేస్తుంది కనుక, లెవెల్ పరికరంతో చూసి ఆ పల్లాన్ని సరిచేయాలి. అలుగు సామర్థ్యం అసలే చాలకపోతే ఎంత నిర్వహణ చేసినా కట్ట నిలవదు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లోని మచ్ఛు-2 డ్యాం మట్టికట్టలు అంచనాకు మించిన వరద పొంగి తెగిపోగా, మోర్బీ పట్టణం మునిగిపోయింది.

బురద ఊట వేగంగా పెరుగుతున్నా, జలాశయంలో సుడి కనిపించినా, జారుడు కట్ట పైభాగాన్ని చేరినా, నీరు కట్ట అంచుకు వచ్చినా, మరమ్మతు కంటే ముందు దిగువ ప్రజలను ఖాళీ చేయించాలి. ఎవరికి, ఏ క్రమంలో కబురు చేయాలో, ఏ ఎత్తైన చోటికి తరలించాలో వానలకు ముందే రాసి, ఆ కాగితం కట్ట కాపలాదారు దగ్గర, దిగువ ఇళ్ల పెద్దల దగ్గర ఉంచాలి.