ఎండలు ముదరకముందే ఫ్రీజర్ డబ్బాలు చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ వైపు 42, 43 డిగ్రీలు మామూలే. ఆ ఎండల్లో పూటపూటా పొయ్యి దగ్గర నిలబడలేక పప్పు, కోడికూర లాంటివి ఒకేసారి ఎక్కువ వండి ఫ్రీజర్‌లో పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మంచి పద్ధతే. కానీ దేంట్లో పెడుతున్నామో పెద్దగా పట్టించుకోం. కర్రీ పాయింట్ డబ్బా, బిర్యానీ డబ్బా, పచ్చడి అయిపోయిన సీసా, ఏది చేతికందితే అందులో పోసేస్తాం. ఎండలు ముదరకముందే ఒక పూట కూర్చుని ఆ డబ్బాలన్నీ కిందికి దించి, పనికొచ్చేవి, పనికిరానివి వేరు చేసుకోండి.

ముందు ప్లాస్టిక్ సంగతి. డబ్బాను బోర్లించి చూస్తే అడుగున బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే హెచ్‌డీపీఈ. చల్లారిన కూర పెట్టడానికి ఈ రెండూ పర్వాలేదు. నీళ్ల సీసాల మీద ఉండే 1 రకం వేడి తగిలితే ముడుచుకుపోతుంది. 6 ఉన్నవాటిని, థర్మాకోల్ గిన్నెలను పక్కన పెట్టేయండి. అంకే లేని డబ్బాలో సూది దారం పెట్టుకోండి, కూర మాత్రం పోయకండి.

5 ఉంది కదా అని కర్రీ పాయింట్ డబ్బాను నెలల తరబడి వాడటం కూడా మంచిది కాదు. అది ఒకసారి వాడి పారేయడానికి పలచగా చేసింది. పైగా మామూలు పాలీప్రొపిలీన్ గడ్డకట్టే చలికి పెళుసెక్కుతుంది. ఫ్రీజర్‌లోంచి తీస్తుంటే చేజారిందంటే మూల పగులుతుంది, ఆ ముక్క కూరలో పడితే కనపడదు. మూతను వేళ్లతో కొద్దిగా వంచి చూడండి. వంగినచోట తెల్లటి గీత పడితే దాని పని అయిపోయినట్టే. పసుపు మరక పట్టినంత మాత్రాన నష్టం లేదు. లోపల గీతలు పడి, కడిగి ఎండబెట్టాక కూడా పాత కూర వాసన కొడుతుంటే మాత్రం తీసేయండి. మూత అంచున రబ్బరు చుట్ట ఉంటే ఊడదీసి చూడండి. బూజు ఎక్కువగా దాని కిందే పడుతుంది.

నన్నడిగితే స్టీలు డబ్బాను మించింది లేదు. పగలదు, వాసన పట్టదు, ఏళ్ల తరబడి వాడొచ్చు. హనుమకొండలోనైనా కాజీపేటలోనైనా స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్తే పొడుగు డబ్బాలు కాకుండా వెడల్పుగా, రెండంగుళాలకు మించని లోతువి అడగండి. కూర పలచగా పరుచుకుంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. ఒక్కో డబ్బాలో ఒక పూటకు సరిపడా మాత్రమే పెట్టండి. పెద్ద డబ్బా అంతా కరిగించి, సగం తిని, మిగతాది మళ్లీ ఫ్రీజర్‌లోకి నెట్టడం వల్లే చాలాసార్లు కూర పాడవుతుంది. మూత బిగుసుకుంటే చాకుతో పొడవొద్దు, నల్లా కింద కాసేపు పట్టుకుంటే వదులవుతుంది. స్టీలును మైక్రోవేవ్‌లో పెట్టకూడదని తెలిసిందే.

పచ్చడి సీసాలతో జాగ్రత్త. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. మెడ సన్నగా ఉన్న సీసాలో చారు నిండా పోస్తే ఆ ఉబ్బు పోయే దారి లేక గాజు పగులుతుంది. గాజే వాడాలనుకుంటే అడుగు నుంచి మూతిదాకా ఒకే వెడల్పు ఉన్నది తీసుకుని, పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదలండి. గడ్డకట్టిన గాజును వేడినీళ్లలో పెట్టకండి.

అల్యూమినియం రేకు డబ్బాల్లో చేపల పులుసు, టమాట కూర పెట్టొద్దు. పులుపు ఆ రేకును తింటుంది. కొన్నాళ్లకు వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొనంత చిల్లులు కనిపిస్తాయి. దుకాణంలో ఇచ్చే నల్ల కవర్లలో వండింది ఏదీ పెట్టకండి. పచ్చి మాంసం పెట్టిన జిప్ కవర్‌ను కడిగి మళ్లీ వాడొద్దు.

ఎంత మంచి డబ్బా అయినా కూర బయట ఎక్కువసేపు ఉంటే లాభం లేదు. వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. 32 డిగ్రీలు దాటిన చోట గంటే గడువు. ఎండాకాలం మన వంటిళ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి గంటే లెక్క పెట్టుకోండి. గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచి కలుపుతుంటే తొందరగా ఆరుతుంది. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. ఆలస్యమైతే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కూరలు రెండు మూడు నెలలు బాగుంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐసు అర అంత చల్లబడకపోవచ్చు, అందులో పెట్టింది వారంలోపు తినేయండి. ప్రతి డబ్బా మీద టేపు అంటించి తేదీ రాయండి.

గాలిదుమారం వచ్చి కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయకండి. లోపల కరిగిందో లేదో తెలియాలంటే ముందే చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. బిళ్ల అడుగుకు చేరిందంటే మంచు మొత్తం కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. అప్పుడు మాంసం, చేప, గుడ్డు కూరలు పారేయండి. మనసొప్పదు, అయినా పారేయండి.

హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలకు గడ్డకట్టిన కూర బస్సులో పంపేవాళ్లూ ఉన్నారు. మంచి ఇన్సులేషన్ ఉన్న సంచిలో, చుట్టూ ఐసు ప్యాక్‌లు పెట్టి పంపితే దిగేసరికి ఇంకా గట్టిగానే ఉండాలి. అంత ఏర్పాటు లేకపోతే ఎండాకాలం మటన్ పంపకండి. కారప్పొడి, పచ్చడి, సకినాలు పంపండి.