పీఏ సిస్టమ్ (సభలు, కచేరీల్లో వాడే మైకులు, మిక్సర్, ఆంప్లిఫయర్లు, స్పీకర్ల సెట్టు) ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

- ప్లగ్‌లో ఎర్త్ ఉందో లేదో సాకెట్ టెస్టర్‌తో చూడండి. స్పీకర్లలో హమ్ (ఆగకుండా వచ్చే గుయ్యిమనే శబ్దం) వస్తోందని ఎర్త్ పిన్ పీకేస్తే ప్రాణాల మీదికి వస్తుంది: గిటార్ తీగల మీద చెయ్యి, మైకుకు ఆనిన పెదవి, మధ్యలో ఒంట్లోంచి కరెంటు. హమ్ పోగొట్టడానికి డీఐ బాక్సు (గిటార్ లాంటి వాద్యాలను మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, అది వాడండి.
- ఎక్స్‌టెన్షన్ రీల్ వైరు మొత్తం విప్పండి. చుట్ట మీదే లోడు లాగితే వేడెక్కి కరుగుతుంది.
- ముందు మిక్సర్, ఆఖరున ఆంప్లిఫయర్లు. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్లు. లేదంటే ‘ధబ్’మనే దెబ్బకి ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) పోవచ్చు.
- 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సర్ నుంచి మైకు వైరు గుండానే కండెన్సర్ మైకుకి అందే కరెంటు) వేసేముందు చానల్ మ్యూట్.
- మెయిన్ స్పీకర్లు మైకులకంటే ముందు, ప్రేక్షకుల వైపు ఉండాలి. కార్డియాయిడ్ మైకు (ముందు శబ్దాన్ని ఎక్కువగా, వెనక శబ్దాన్ని బాగా తక్కువగా పట్టేది) వెనకవైపుకి మానిటర్ (గాయకులు తమ పాట తాము వినడానికి పెట్టే స్పీకర్) పెట్టండి. గాయకులు మైకు తలని గుప్పిట్లో మూస్తే మాత్రం ఎంత సర్దినా స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి కూత పెడుతుంది, ముందే చెప్పేయండి.
- వైర్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు.