కంటైనర్‌కూ చెమట పడుతుంది
అనంతపురం నుంచి శెనక్కాయ చిక్కీ, కారప్పొడులు ఓడలో పంపేవాళ్లు డబ్బాలో వేసే, తేమ పీల్చే చిన్న సిలికా పొట్లాలతో సరిపెట్టుకోకండి. మన దగ్గర పొడిగాలి, చెన్నై రేవులో ఉక్క. దారిలో బయట చల్లబడితే కంటైనర్ పైకప్పుకు నీళ్లు పట్టి, అట్టపెట్టెల మీద చుక్కలు చుక్కలుగా రాలతాయి. మా మొదటి లోడులో పైవరస పెట్టెలు తడిసిన అప్పడాల్లా వేలాడాయి. లోపల చిక్కీ అంతా బంక! ఇప్పుడు గోడలకు తేమను లాగే కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడదీసి, పైవరస మీద మందపాటి క్రాఫ్ట్ కాగితం కప్పుతున్నాం.

పెట్టెల కింద పెట్టే చెక్క ప్యాలెట్లకు ఐఎస్‌పీఎం-15 (చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఎలాగూ కావాలి. కానీ అది పురుగు చావడానికి చెక్కను శుద్ధి చేశారనే గుర్తే (‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్క లోపలిదాకా కనీసం 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేశారని), చెక్క ఆరిందని కాదు. తడి చెక్క కూడా కంటైనర్‌లో తేమ పెంచుతుంది, అందుకే చేత్తో తాకి చూడండి. అమెరికాకైతే ఓడ చేరడానికి కనీసం 8 గంటల ముందే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ప్రయర్ నోటీస్ (సరుకు వస్తోందని ముందస్తు సమాచారం) వెళ్లాలి.