బడ్జెట్ తక్కువున్న క్లయింట్‌కి పోర్ట్రెయిట్ రేటు ఎలా చెప్పాలి

"కొంచెం చూసి చెప్పండి" అని క్లయింట్ అనగానే మొహమాటం వచ్చేస్తుంది, లెక్క గుర్తుకు రాదు. కొత్తలో ఒక కుటుంబం అడిగితే కాదనలేక సగం రేటుకి ఒప్పుకున్నాను, ఎన్ని ఫోటోలిస్తానో కూడా ముందు చెప్పలేదు, తీరా 60 ఫోటోలు ఎడిట్ చేస్తూ మూడు రాత్రులు కూర్చున్నాను. చివరి 20 ఫోటోలకి ఓపిక అయిపోయింది, ఆ తేడా ఫోటోల్లో కనిపించింది. మేలు చేద్దామనుకున్న వాళ్ళకే నాసి పని ఇచ్చానని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచీ ఒకటే పద్ధతి: బడ్జెట్ తక్కువైతే పని తగ్గిస్తాను, అదే పనికి రేటు మాత్రం తగ్గించను.

దీనికి ముందు మీ గంటలు మీకు తెలియాలి. గంట షూట్ అంటే గంట పని అనుకుంటారు క్లయింట్లు, చాలాసార్లు మనమూ అలాగే అనుకుంటాం. ఒకసారి కాగితం మీద రాసి చూడండి: ఫోన్లు, మెసేజీలు అరగంట, వెళ్ళి రావడం, లైట్లు పెట్టుకోవడం గంట, షూట్ గంట, కార్డులోంచి కాపీ చేసి రెండు చోట్ల బ్యాకప్ పెట్టుకుని మంచివి ఏరుకోవడానికి గంట, 20 ఫోటోలకి ఒక్కోదానికి 10 నిమిషాల చొప్పున ఎడిటింగ్ 3 గంటల 20 నిమిషాలు, ఫైళ్ళు పంపడానికి అరగంట. మొత్తం 7 గంటలు దాటింది! మీ చేతివేగాన్ని బట్టి అంకెలు మారతాయి కాబట్టి వచ్చే మూడు షూట్లకి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మీ లెక్క మీరే తీసుకోండి.

తర్వాత ఖర్చులు. కెమెరా, లెన్సులు ఎన్నాళ్ళు వాడతారో అన్నేళ్ళకి వాటి ధరని పంచండి, దానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, హార్డ్ డిస్కులు, రిపేర్లు, ప్రయాణం, పన్ను కలపండి. ఏడాదికి ఇంట్లోకి ఎంత కావాలో దానికి చేర్చి, ఏడాదిలో నిజంగా దొరికే షూట్ల సంఖ్యతో భాగించండి. దొరకాలని ఆశపడే సంఖ్య వేసుకోవద్దు, పోయిన ఏడాది ఎన్ని చేశారో అదే వేసుకోండి. వచ్చిన అంకె ఒక షూట్‌కి మీ కనీస రేటు, దాన్ని షూట్‌కి పట్టే గంటలతో భాగిస్తే గంటకి ఎంతో తెలుస్తుంది.

డిస్కౌంట్ ఇచ్చేముందు ఈ చిన్న లెక్క చూడండి. రేటు 100, అందులో ఖర్చు 70 అనుకుందాం, మీకు మిగిలేది 30. 20 శాతం తగ్గిస్తే రేటు 80 అవుతుంది, ఖర్చు మాత్రం అదే 70, చేతికొచ్చేది 10. అంటే ముందు ఒక్క షూట్‌తో మిగిలినంత మిగలాలంటే ఇప్పుడు మూడు షూట్లు చేయాలి. నాకు ఇది అర్థమయ్యాక మొహమాటం సగం పోయింది.

ఇక క్లయింట్‌తో మాట్లాడటం. రేటు చెప్పేముందు "ఈ ఫోటోలు దేనికండీ?" అని అడగండి. ఉద్యోగం ప్రొఫైల్‌కి కావాలనుకునేవాళ్ళకి మంచివి రెండు చాలు. గోడకి ఒక ఫ్రేము పెట్టుకుందామనుకునే కుటుంబానికి 20 అక్కర్లేదు, ఒక్కటి బాగా రావాలి. బడ్జెట్ ఎంతని కూడా నేరుగా అడగండి, మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పాక, "ఈ బడ్జెట్‌లో అరగంట షూట్ చేసి ఐదు ఫోటోలు ఎడిట్ చేసి ఇస్తానండీ, ఇంకా కావాలంటే ఒక్కోదానికి ఇంత" అనండి. అంకె చెప్పాక ఆగండి. మనమే కంగారుపడి "పోనీ ఇంకొంచెం తగ్గిస్తాలెండి" అనేయడం చాలామందికి ఉన్న అలవాటు.

"వేరేవాళ్ళు సగానికే తీస్తున్నారు" అంటే వాళ్ళని తీసిపారేసి మాట్లాడొద్దు. మీరిచ్చేదేమిటో చెప్పండి, నచ్చకపోతే వదిలేయండి. ఒక్క విషయం మాత్రం కచ్చితంగా పాటించాలి, ఫోటోల సంఖ్య తగ్గొచ్చు కానీ ఇచ్చే ఒక్కో ఫోటో మీద శ్రద్ధ తగ్గకూడదు.

తక్కువ డబ్బుతో ఎక్కువమందికి అందాలంటే మినీ సెషన్లు నాకు తెలిసిన మంచి దారి. ఒకే రోజు, ఒకే చోటు, ఒకే లైటింగ్. ఆరుగురు క్లయింట్లకి తలా 20 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల విరామం, తలా ఐదు ఫోటోలు. ప్రయాణం, సెటప్ ఒక్కసారే కాబట్టి అన్నీ కలిపినా 13 గంటల్లో తేలుతుంది, అంటే ఒక్కొక్కరికి రెండు గంటల పైచిలుకు. మామూలు షూట్ రేటులో మూడో వంతు తీసుకున్నా మీకు నష్టం లేదు. కాకపోతే టైమ్ దగ్గర గట్టిగా ఉండాలి, ఒకరు ఆలస్యమైతే మిగతావాళ్ళంతా ఆగిపోతారు. పసిపిల్లలున్నవాళ్ళకి నేనైతే మినీ సెషన్ వద్దంటాను, 20 నిమిషాలు బిడ్డ కుదుటపడటానికే సరిపోతాయి.

ఒకేసారి కట్టలేనివాళ్ళకి వాయిదాలు ఇవ్వండి, బుక్ చేసుకున్నప్పుడు కొంత, షూట్ రోజున కొంత, ఫైళ్ళు పంపేముందు మిగతాది. ఎన్ని ఫోటోలు, ఎన్ని రోజుల్లో, మార్పులు ఎన్నిసార్లు, రద్దయితే అడ్వాన్స్ సంగతేంటి, ఇవన్నీ ఒక మెసేజ్‌లోనైనా రాసి పంపండి. అసలు గొడవలొచ్చేది రాయని వాటి దగ్గరే.

నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళకి ఉచితంగా చేయాలనిపిస్తే మనస్ఫూర్తిగా చేయండి, నేనూ చేస్తాను. ఏడాదికి ఎన్ని చేయగలరో ముందే అనుకోండి, బిల్లులో పూర్తి రేటు వేసి కింద తగ్గింపు చూపించండి. అప్పుడు వాళ్ళ మాట విని వచ్చే తర్వాతి మనిషికి మీ అసలు రేటు ముందే తెలిసి ఉంటుంది.