కెగ్గులో మడ్డి: ట్యాప్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

ముందుగా ఒక మాట. తెలంగాణలో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో 19 లీటర్ల చిన్న కెగ్గులతో (బీరు నిల్వ చేసి వడ్డించే పీపాలతో) ప్రయోగాలు చేసేవారి కోసం, ఇంటి తయారీకి అనుమతి ఉన్న దేశాల్లోని మన తెలుగువారి కోసం. గ్లాసులో ఏం కనిపిస్తోందో, ఎప్పుడు కనిపిస్తోందో గమనిస్తే చాలావరకు కారణం దొరికిపోతుంది.

ట్యాప్ నుంచి సన్నటి ధార, ఆపై అంతా నురుగే

గ్యాసు పీడనం సరిగానే ఉండి ఇలా జరుగుతోందంటే అడ్డుపడింది హాప్స్, అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు. గుళికల రూపంలో వేసిన హాప్స్ బీరులో పొడిపొడిగా విడిపోతాయి. కెగ్గు అడుగు దాకా దిగిన గొట్టం ఆ పొడిని పైకి లాగుతుంది. గొట్టం పైన, కనెక్టరు తగిలించే చోట, స్ప్రింగు మీద నిలిచే చిన్న కవాటం ఉంటుంది. దాన్ని పాపెట్ అంటారు. దాని సందులో నువ్వుగింజంత ఆకు ముక్క ఇరుక్కున్నా చాలు, బీరు నలిగి బయటికొస్తుంది, అందులోని గ్యాసు అక్కడే విడిపోయి నురుగవుతుంది.

గ్యాసు లైను తీసేయండి. మూత మీది ప్రెషర్ వాల్వును ఎత్తి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా గ్యాసు వదలండి. లోపల పీడనం ఉండగా రెంచి పట్టుకోవద్దు, బిగింపు ఊడి ముఖానికి తగలవచ్చు. ఆ తర్వాతే బీరు వచ్చే వైపు బిగింపు విప్పి, పాపెట్‌నూ గొట్టాన్నీ కడిగి, శానిటైజర్‌లో ముంచి, తిరిగి బిగించండి. వడ్డన మధ్యలో విప్పడం కుదరకపోతే బీరు వైపు నుంచే ఒకటి రెండు క్షణాలు గ్యాసు పంపితే ముక్క వెనక్కి వెళ్తుంది. అది పూటగడుపు ఉపాయం మాత్రమే, ముక్క కెగ్గులోనే ఉంటుంది.

అసలు చికిత్స హాప్స్ వేసేటప్పుడే జరగాలి. మరిగించడం ముగిశాక ద్రవాన్ని ఒకే దిశలో గట్టిగా తిప్పి, 20 నిమిషాలు కదపకుండా ఉంచితే ముక్కలు మధ్యలో కుప్ప పడతాయి. అప్పుడు అంచు నుంచి తీసుకోండి. పులిసిన తర్వాత వేసే హాప్స్‌ను సన్నటి స్టీలు జాలీ గొట్టంలోనో నైలాన్ సంచిలోనో వేయండి. సంచి సగానికి మించి నింపవద్దు, తడిస్తే హాప్స్ బాగా ఉబ్బుతాయి. గొట్టాలకు కావలసిన స్టీలు బిగింపుల కోసం సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాల్లో వెతకవచ్చు.

మొదటి ఒకటి రెండు గ్లాసులే మసక

ఇది లోపం కాదు. గొట్టం చుట్టూ పేరుకున్న ఈస్ట్ ముందుగా వస్తుంది, పారబోయండి. కెగ్గును వాహనంలో తెచ్చి ఉంటే ఒకటి రెండు రోజులు చల్లగా, కదలకుండా ఉంచండి. తరచూ కదిలించక తప్పనివారు పైన తేలే గొట్టం అమర్చుకోవడం మంచిది. అది అడుగు నుంచి కాక పై తేటనే తీసుకుంటుంది.

చివరి గ్లాసు దాకా మసకే

తొందరపడి నింపి ఉంటారు. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటరు మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపించాకే పులియడం ముగిసినట్టు లెక్క. ఆ తర్వాత 1–3 డిగ్రీల చలిలో కనీసం రెండు రోజులు ఉంచాలి. చల్లబడేటప్పుడు ఫర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, ఆ దారి మూయడం మరవద్దు.

మన ఊళ్లో దీనికి మరో కారణం కూడా ఉంది. బోరు నీటి కాఠిన్యానికి భయపడి అందరం ఆర్‌వో నీళ్లకు అలవాటు పడ్డాం. ఆర్‌వో కాల్షియాన్ని తీసేస్తుంది, ఈస్ట్ కణాలు గుత్తులుగా చేరి దిగడానికి కావలసింది ఆ కాల్షియమే. 20 లీటర్ల నీటికి సుమారు 4 గ్రాముల ఆహార శ్రేణి (ఫుడ్ గ్రేడ్) కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ వేస్తే లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం చేరుతుంది. జెలటిన్ కూడా మడ్డిని దింపుతుంది. కానీ అది జంతువుల నుంచి వచ్చేది, శాకాహారులకు ఆ సంగతి చెప్పి తీరాలి.

గోధుమ బీరు మసకగా ఉండటం దాని స్వభావం, దాన్ని వదిలేయండి. గ్లాసు కాస్త వెచ్చబడగానే తేటపడితే అది చలికి ఏర్పడిన ప్రొటీన్ మసక, మడ్డి కాదు.

నింపేటప్పుడు

గుడ్డలో వడకట్టాలని అనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. ధార గాలికి తగిలి ఆక్సిజన్ కలుస్తుంది, కొన్నాళ్లకు తడిసిన అట్టపెట్టె వాసన పట్టుకుంటుంది. చారు తేట వంచుకున్నట్టే ఇక్కడా తేటను మాత్రమే తీసుకోవాలి. కెగ్గులోని గాలిని కార్బన్ డై ఆక్సైడ్‌తో వెళ్లగొట్టి, సైఫన్ మూతిని మడ్డికి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన నిలిపి, బీరును కెగ్గు అడుగు నుంచి నెమ్మదిగా నింపండి. పారదర్శక గొట్టంలో మొదటి మసక గీత కనిపించగానే ఆపేయండి. అడుగున ఒక లీటరు మిగిలినా దాని మీద ఆశపడవద్దు.